భర్త ఆధార్, లేకుంటే తండ్రి ఆధార్... ఇద్దరూ లేనోళ్ళు ఏం నింపాలె?

సంపాదకులు గారికి నమస్కారం,

మీ పేపర్ల ఈ మధ్య ఒక సారు పెద్ద వ్యాసం రాసిండు, ఉమ్మడి కుటుంబాలు పోయినయి, మొగడు సచ్చిపోయిన ఆడోళ్ళు, మొగడు ఇడ్సిపెట్టిన ఆడోళ్ళు దిక్కు లేకుంట అయితున్నరు, సర్కారు జిల్లాకొక ఆశ్రమం కట్టి వాళ్ళను అండ్ల పెట్టాలె అని. సారు మంచి మనసుతోనే రాసిండు, నేను కాదంటలేను. గని చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, మా అవ్వకైతే కోపమే వచ్చింది, "నేనెందుకు పోత ఆశ్రమానికి, నా ఇంట్ల నేనున్న, నా బిడ్డలు నా కాడ ఉన్నరు" అని లొల్లి. ఆ బిడ్డలంటే మేమే. ఆమె కడుపున పుట్టినోళ్ళం ఒక్కరం కూడ కాదు.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైలుల వస్తే బాసర తర్వాత స్టేషన్ మాదే, తెలంగాణ అయిపోయి మహారాష్ట్ర షురువయ్యే జాగ. బోర్డులు మరాఠీల ఉంటయి, బజార్ల ఎటు చూసినా తెలుగు వినబడుతది, ఆఫీసుల హిందీ, ఇంట్ల మూడూ కలిసిపోతయి. మిర్చి సీజన్ల ఊరు ఊరంత తుమ్ముకుంట బతుకుతది. ఇంట్ల ఎవరెవరం ఉన్నమో చెప్త, పేర్లు మాత్రం రాయను, ఎందుకో చివరికి చెప్త.

ఇల్లు అవ్వది. ఆమె పెనిమిటి ముంబై కాడి భీవండిల బట్టలు నేసే సాంచెల మీద పని చేసి చేసి దగ్గు పట్టి పోయిండు. కొడుకులు ఇద్దరు ఆడనే ఉన్నరు, ఆడనే ఇండ్లు తీసుకున్నరు, "అమ్మా నీకు ఈడి నీళ్ళు పడ్తలేవు" అని తెచ్చి ఇక్కడ దింపిపోయిన్రు, అంతే. నేను భైంసా దిక్కు పిల్లను. నా మొగడు దుబాయి పోయి వచ్చినంక ఇంకొకామెను తెచ్చుకున్నడు, విడాకులు ఇయ్యలే, ఖర్చులకు ఇయ్యలే. పుట్టింటికి పోతే మా వదినె వారం దినాలు మంచిగనే చూసింది, ఆ తర్వాత బియ్యం డబ్బా మూత జర గట్టిగ వేసుడు మొదలుపెట్టింది, ఆ సప్పుడు ఆడోళ్ళకు అర్థమైతది, మొగోళ్ళకు కాదు. మా అన్నకు ఇప్పటికీ తెల్వదు నేను ఎందుకు పోయిన్నో.

చిన్నది అని మేము పిలిచే పిల్ల వేరే కులం పిలగాన్ని చేసుకున్నది. రెండు ఇండ్లోళ్ళు తలుపు మూసిన్రు. పిలగాడు నిజామాబాద్ రోడ్డు మీద యాక్సిడెంట్ల పోయిండు, సంకల పిల్ల ఉన్నది. అప్పుడన్నా తలుపులు తెరుస్తరేమో అనుకున్నం, అత్తగారోళ్ళు దినాలకు కూడ పిలువలే, తల్లిగారోళ్ళు "పిల్లను ఆడ ఇడ్సిపెట్టి రా, నిన్ను మళ్ళ చేస్తం" అన్నరు. ఇడ్సిపెట్టి రావాలెనంట! కుక్క పిల్లలను కూడ ఎవ్వరు గట్ల అడుగరు.

ఇంకొకామె అక్క. అక్క హిజ్రా. పుట్టినప్పుడు మొగపిల్లగాడు అని పేరు పెట్టిన్రు, పెరుగుతుంటే చీర మీదికి మనసు పోయింది, తండ్రి బెల్టుతోని కొట్టుడు, అన్నలు ఊర్ల మొఖం ఎట్ల చూపాలె అనుడు, ఒకరాత్రి రైలెక్కింది. వాళ్ళల్ల ఒక పద్ధతి ఉన్నది, గురువు ఉంటది, చేలాలు ఉంటరు, గురువు తల్లి లెక్క, గురువుకు గురువు అమ్మమ్మ లెక్క, చేలాలు ఒకరికొకరు అక్కచెల్లెండ్లు. కన్నోళ్ళు ఎళ్ళగొట్టిన పిల్లలకు అన్నం పెట్టి, పండుగ చేసి, జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోయి, సస్తే మట్టి చేసే ఏర్పాటు వాళ్ళు మనకంటె ఎన్నో తరాల ముందే చేసుకున్నరు. అట్లని అండ్ల అంతా మంచే అని రాస్తే అక్కనే ఒప్పుకోదు. తెచ్చిన పైసల్ల గురువు వాటా ఉంటది, ఒక గురువును ఇడ్సి ఇంకొకరి కాడికి పోవాలంటే దండుగ కట్టాలె, కొట్లాటలు మస్తు. గురువు పోయినంక అక్కకు ఆ ఇంట్ల పొసగలేదు, మిర్చి యార్డుల తొడిమలు తీసే పనికొచ్చింది, అక్కడ నా పక్కన కూసున్నది.

తొడిమలు తీసే పని చూసినోళ్ళకు తెలుస్తది. పొద్దుగాల నుంచి కుప్ప ముందట కూసోవాలె, మూతికి తువ్వాల కట్టుకున్నా ఘాటు ఆగది, చేతుల మంట రాత్రి పండుకున్నంక ఇంకా ఎక్కువైతది, నీళ్ళు పోస్తే ఇంకింత మండుతది, మంచినూనె రాసుకొని కూసుండాలె. కొత్తగ వచ్చినప్పుడు ఆమె పక్కన ఎవ్వరు కూసోలే, చాయ్ గిలాస వేరే పెట్టిన్రు. అవ్వ ఆ దినం ఏం మాట్లాడలే, లేసి పోయి తన గిలాసల చాయ్ సగం తాగి మిగిలింది అక్క చేతుల పెట్టింది, "తాగు బిడ్డా, సల్లారితది" అన్నది. మా ఇల్లు మొదలైంది అంటే గట్లనే, ఎవ్వరు కూసోని మనం కలిసి ఉందాం అని నిర్ణయం చెయ్యలే. ఒకరి అవసరానికి ఇంకొకరు ఒక రాత్రి ఉన్నరు, ఆ రాత్రి మళ్ళ తెల్లారలేదు అనుకోండ్రి.

యార్డు పని లేనప్పుడు బీడీలు చేస్తం. చాట ముందట పెట్టుకొని నలుగురం గోడకు ఆనుకొని కూసుంటం, నేను ఆకు కత్తిరిస్త, చిన్నది తంబాకు పోసి చుడుతది, అక్క మూతి మలిసి కట్టలు కడుతది, అక్క కట్టిన కట్ట విప్పాలంటే కార్ఖానా మనిషికి కూడ కష్టమే. అవ్వకు కండ్లు అవుపడయి గని లెక్క ఆమెదే. సాయంత్రం ఒక్కో దినం ఆ కార్ఖానా మనిషి మంచి బీడీలు కూడ పనికిరావని పక్కకు పడేస్తడు, అప్పుడు అక్క మాట్లాడితే మాత్రం మళ్ళ తీస్కుంటడు. ఇంట్ల కొట్లాటలు లేవా అంటే రోజూ ఉన్నయి. టీవీకి కొట్లాట, గ్యాస్ పైసలకు కొట్లాట, అవ్వ మడి అంటది, అక్క పొద్దెక్కి లేస్తది, చిన్నది ఫోన్ ఇడ్వది. రెండు దినాలు మాట్లాడుకోకుంట ఉన్న రోజులు కూడ ఉన్నయి, అయినా అన్నం కుండ ఒక్కటే ఉంటది.

ఇగ అసలు సంగతికి వస్త.

మా మహారాష్ట్రల 2024 జూలై నుంచి లాడ్కీ బహీణ్ అని స్కీం ఉన్నది, 21 నుంచి 65 ఏండ్ల ఆడోళ్ళకు నెలకు 1,500. పెండ్లయినోళ్ళు, మొగడు పోయినోళ్ళు, విడాకులైనోళ్ళు, మొగడు ఇడ్సిపెట్టినోళ్ళు, అందరికి ఇస్తం అన్నరు, పెండ్లి కాని ఆడపిల్లైతే ఇంటికి ఒక్కామెకే. మంచిగనే ఉండె. 2025 సెప్టెంబర్ల కేవైసీ చెయ్యాలె అన్నరు, అండ్ల నా ఆధార్ తోని పాటు మొగడి ఆధార్, లేకుంటే తండ్రి ఆధార్ నంబర్ కొట్టాలె, ఆ ఫోన్ కు ఓటీపీ వస్తది. మా నాయన పోయి ఎన్నేండ్లో అయింది. మొగడు ఫోన్ ఎత్తడు, ఎత్తినా ఓటీపీ చెప్పుతడా? చెప్పుతే ఏం అడుగుతడో నాకు తెలుసు. మస్తు మంది ఆడోళ్ళు మొత్తుకున్నంక నవంబర్ల సర్కారు జర దిగొచ్చింది, తండ్రి మొగడు ఇద్దరు పోయినోళ్ళు మరణ సర్టిఫికెట్, విడాకులైనోళ్ళు కోర్టు కాయితం తెచ్చి అంగన్‌వాడీల ఇయ్యుండ్రి, డిసెంబర్ 31 దాక టైం అన్నరు. సరే. నాకు విడాకులు కాలేదు, మొగడు సావలేదు, ఇడ్సిపెట్టిండు అంతే. ఇడ్సిపెట్టినోళ్ళకు ఇస్తం అని స్కీంల రాసినోళ్ళే ఇడ్సిపెట్టినామె మొగడి ఓటీపీ అడిగితే ఎట్ల? ఇడ్సిపెట్టిపోయినోడు సర్టిఫికెట్ ఇచ్చి పోతడా?

సంజయ్ గాంధీ నిరాధార్ పింఛను కూడ ఉన్నది, అది కూడ నెలకు 1,500, అండ్ల మొగడు ఇడ్సిపెట్టినోళ్ళు ఉన్నరు, హిజ్రాలు ఉన్నరు, అది మెచ్చుకోవాలె. గని కుటుంబం ఆదాయం ఏడాదికి 21 వేలు దాటొద్దు అంటరు. 21 వేలు అంటే రోజుకు 60 రూపాయలు కూడ కాదు. గింతల ఎవ్వరు బతుకుతరు, చాయ్ నీళ్ళకే పోతయి. సరిహద్దు దాటితే తెలంగాణల 2017ల ఒంటరి మహిళలకు పింఛను తెచ్చిన్రు, 2019 నుంచి అది 2,016 అయింది, బీడీలు చేసేటోళ్ళకు కూడ అంతే. మా చుట్టాలు ఒక స్టేషన్ అవతల ఉండి తీస్కుంటున్నరు, మేము ఇవుతల ఉండి చూస్తున్నం. ఆ ముచ్చట వేరే ఉత్తరం అయితది, ఇక్కడితో ఆపుత.

పింఛను కంటె నాకు పెద్దగ అనిపించేది దవాఖాన ముచ్చట. అవ్వ బావి కాడ జారి పడ్డది, తుంటి ఎముక ఇరిగింది. ఒక పెద్ద దవాఖానకు తీస్కపోయినం, ఏ ఊర్లనో ఏ దవాఖాననో రాయను. ఆపరేషన్ చెయ్యాలె, సంతకం పెట్టాలె, ఎవరు మీరు ఆమెకు అని అడిగిన్రు. కొడుకులకు ఫోన్ కొడితే పెద్దోడు రేపొస్త అన్నడు, చిన్నోడిది స్విచాఫ్. నేను పెడుత అంటే "నువ్వు కిరాయికి ఉండేదానివి కదా" అన్నది కౌంటర్ ఆమె, అక్కను చూసి ఇంకేమీ అడుగక మొఖం అటు తిప్పుకున్నది. అవ్వ స్ట్రెచర్ మీద మెలకువతోనే ఉన్నది, నోరు ఆమెకే ఉన్నది, ఆమెను ఎవ్వరు అడుగలేదు.

ఈ సంగతి తాలూకా కోర్టు కాడ లీగల్ ఎయిడ్ వకీలమ్మకు చెప్పితే ఆమె తల పట్టుకున్నది. తెలివిల ఉన్న పెద్ద మనిషికి తన ఆపరేషన్ కు తన సంతకమే ముఖ్యం అంట, చుట్టాల సంతకం అనేది ఆనవాయితీ. 2008ల సుప్రీంకోర్టు తీర్పు ఉన్నదంట, ఢిల్లీల ఒకామెకు మత్తు ఇచ్చి పరీక్ష చేస్తుంటే బయట ఉన్న తల్లిని అడిగి పెద్ద ఆపరేషన్ చేసేసిన్రు, కన్నతల్లి ఒప్పుకున్నా అది చెల్లదు, ఆమెకు మెలకువ వచ్చినంక ఆమెనే అడుగాలె అన్నది కోర్టు. కన్నతల్లి సంతకమే పనికిరానప్పుడు రాని కొడుకు కోసం ముసలామెను నొప్పితోని రాత్రంతా పండబెట్టుడు ఏం న్యాయం? (లీగల్ ఎయిడ్ సంగతి చాలమందికి తెల్వదు, ఆడోళ్ళైతే ఆదాయం ఎంతున్నా వకీలు ఫ్రీ, 1987 చట్టంల ఉన్నది, తాలూకా కోర్టుకు పోయి అడుగుండ్రి.)

ఆ వకీలమ్మ ఇంకోటి చెప్పింది, అది ఇన్నంక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. మొగడు పోయిన హిందూ ఆడామె వీలునామా రాయకుంట సచ్చిపోతే ఆమె సంపాదించింది ముందు పిల్లలకు పోతది, పిల్లలు లేకుంటే మొగని వారసులకు పోతది, ఆమె తల్లిదండ్రుల నంబర్ ఆ తర్వాతే. నారాయణి దేవి అని ఒకామె, పెండ్లయిన మూడు నెల్లకే మొగడు పాము కరిసి పోయిండు, అత్తగారోళ్ళు ఎళ్ళగొట్టిన్రు, పుట్టింటోళ్ళు చదివించిన్రు, నౌకరి చేసింది, పైసలు కూడబెట్టింది, 1996ల పోయింది. ఆ పైసలు ఎవరికి అనే కేసు సుప్రీంకోర్టు దాక పోయింది, 2009ల తీర్పు ఏమొచ్చింది అంటే మొగని దిక్కోళ్ళకే. ఎళ్ళగొట్టిన ఇంటికే! కోర్టు కూడ చట్టం అట్లున్నది మేము ఏం చెయ్యలేం అన్నట్టే చెప్పింది. 2025 నవంబర్ల అదే సుప్రీంకోర్టు ఆడోళ్ళందరు వీలునామాలు రాసి పెట్టుకోండ్రి అని చెప్పాల్సి వచ్చింది.

అవ్వకు ఇది మరాఠీలకెల్లి తెలుగుల చెప్పి వినిపించినం. ఆమె మర్నాడే రాయించింది. స్టాంపు పేపర్ అక్కర లేదు, రిజిస్ట్రీ చేసుకుంటే మంచిది గని చెయ్యకపోయినా చెల్లుతది, ఇద్దరు సాక్షులు కావాలె, మా ఇంట్లోళ్ళం కాకుంట బయటోళ్ళను పెట్టుకొమ్మన్నది వకీలమ్మ. ఇప్పుడు ఆ కాయితం సంగతి భీవండికి ఎట్లనో తెలిసింది, దవాఖానకు రానోడు మూడో దినానికి దిగిండు, "మా అమ్మకు మందు పెట్టిన్రు" అని గల్లిల అరిసిండు. మందు పెట్టినమంట. ఆమె బీపీ గోళీలు ఏ రంగువో ఆయనకు తెల్వదు.

బీడీ పీఎఫ్ ల కూడ ఇట్లాంటి కిటుకే ఉన్నది. కుటుంబం ఉన్నోళ్ళు కుటుంబంల మనిషినే నామినీ పెట్టాలె, ఎవ్వరు లేకుంటెనే వేరేటోళ్ళను పెట్టొచ్చు. అయితే ఆడోళ్ళకు ఒక సౌలత్ ఉన్నది, నా మొగన్ని నా కుటుంబంల లెక్క పెట్టకుండ్రి అని పీఎఫ్ కమిషనర్ కు రాసిస్తే సరిపోతది, తీసేస్తరు. నేను రాసిచ్చిన. నా బతుకుల నేను పెట్టిన సంతకాలల్ల అది నాకు మస్తు ఇష్టమైన సంతకం. బ్యాంకుల అయితే ఎవరినైనా పెట్టొచ్చు, 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాక నామినీలు పెట్టొచ్చు అన్నరు.

అంటే సర్కారుకు చేతకాక కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంల మనకు నచ్చిన మనిషిని నామినేటెడ్ ప్రతినిధి అని తెల్ల కాయితం మీద రాసి సంతకం పెడితే చెల్లుతది, చుట్టమా కాదా అని అడుగరు. అక్కడ చెల్లింది తుంటి ఎముకకు ఎందుకు చెల్లది? ఒకే లింగం జంటల పెండ్లి మీద 2023 అక్టోబర్ల వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్రం 2024ల రాష్ట్రాలకు ఉత్తరాలు రాసింది, పెండ్లి చట్టం లేకున్నా కలిసి ఉండే ఎల్‌జీబీటీ జంటలను రేషన్ కార్డు కోసం ఒకే ఇల్లు లెక్క చూడుండ్రి అని, దగ్గరి చుట్టాలు లేనప్పుడు తోటి మనిషికి శవం అప్పజెప్పుండ్రి అని. మంచి పని, వాళ్ళకు అంతకన్నా ఎక్కువే రావాలె. గని మేము జంటలం కాము, నలుగురు ఆడోళ్ళం ఒక పిల్లం, మాకు ఏ ఉత్తరం వర్తిస్తది? 2022 ఆగస్టుల సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్ బెంచి, కుటుంబం అంటే అమ్మ నాయన పిల్లలు అనే ఒక్క తీరే కాదు వేరే తీరు ఇండ్లు కూడ ఉంటయి వాళ్ళకూ చట్టం రక్షణ ఉండాలె అన్నది. 2025 మేల మద్రాసు హైకోర్టు ఇంకింత ముందుకు పోయి, పెండ్లి ఒక్కటే కుటుంబం కట్టే తొవ్వ కాదు, మనుషులు ఎంచుకున్న కుటుంబం కూడ కుటుంబమే అన్నది, అది ఇద్దరు ఆడపిల్లల కేసు, ఒకామెను ఇంటోళ్ళు బంధించి పెట్టిన్రు. కోర్టులకు అర్థమైంది. తహసీల్ ఆఫీసు కంప్యూటర్ కు అర్థం కాలేదు.

ఇదంతా పట్నం ఫ్యాషన్, టీవీలు చూసి నేర్చుకున్నరు అనేటోళ్ళు మా గల్లిల మస్తు మంది ఉన్నరు. వాళ్ళకు ఒకటి చెప్త. ఇదే మహారాష్ట్రల 1863ల జోతిబా ఫూలే, సావిత్రిబాయి కడుపు పండిన విధవలకు పురుడు పోసే ఇల్లు పెట్టిన్రు, చంపుకోకుండ్రి, ఈడ కనుండ్రి, ఇడ్సిపోతే మేము సాకుతం అని. ఒక విధవ కొడుకును దత్తత తీస్కొని యశ్వంత్ అని డాక్టరును చేసిన్రు. 1897ల పూనెల ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేసుకుంటనే సావిత్రిబాయి ప్లేగుతోని పోయింది. మొన్న మొన్నటి సింధుతాయి సప్కాళ్, వార్ధా జిల్లా ఆమె, నిండు గర్భిణిని మొగడు ఎళ్ళగొట్టిండు, రైల్లల్ల పాటలు పాడి అడుక్కొని వందల మంది దిక్కులేని పిల్లలకు తల్లి అయింది, 2021ల పద్మశ్రీ ఇచ్చిన్రు, 2022 జనవరిల పోయింది. ముసలితనంల ఆ మొగడే ఆమె కాడికి వస్తే, మొగని లెక్క వద్దు, కొడుకు లెక్కైతే ఉండు అన్నదంట. నాకు అంత పెద్ద మనసు లేదు, ముందే చెప్తున్న.

హిజ్రాల ఇండ్ల సంగతైతే ఇంకా పాతది, దాని మీద పగ కూడ పాతదే. మా నాందేడ్ 1956 దాక హైదరాబాద్ రాజ్యం. 1919ల నిజాం సర్కారు ఒక చట్టం తెచ్చింది, హిజ్రా ఆడ బట్ట కట్టుకొని బజార్ల ఆడినా పాడినా వారంటు లేకుంట పట్టుకపోవచ్చు, ఇంట్ల 16 ఏండ్ల లోపు మొగపిల్లగాన్ని పెట్టుకుంటే జైలు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైల దాన్ని కొట్టేసింది, అంటే స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేండ్లైనా అప్పటి దాక అది కాయితం మీద బతికే ఉన్నది. పిల్లలను సాకితే నేరం అని చట్టంల రాసిపెట్టిన మనుషులల్ల ఒకామె ఇయ్యాల మా ఇంట్ల పొద్దుగాల చిన్నదాని బిడ్డకు రెండు జడలు ఏసి ఎర్ర రిబ్బన్లు కట్టి బడికి తోలుతది, నూనె తక్కువైతే ఆ పోరి ఒప్పుకోదు, జడ వంకర ఉంటే మళ్ళ విప్పిస్తది. బడి మీటింగుకు అక్క పోతే మాత్రం "ఇంకెవరన్నా లేరా మీ ఇంట్ల" అంటరు. పోరి "అత్త ఉన్నది కదా" అంటది.

విధవలకు బొట్టు, గాజులు తీసే పద్ధతి బంద్ పెట్టాలని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ 2022 మేల తీర్మానం చేసింది, అదే నెల సర్కారు అన్ని పంచాయతీలు పాటించాలె అని సర్క్యులర్ ఇచ్చింది. మా దిక్కు సంక్రాంతికి హల్దీ కుంకుమ పేరంటాలు ఇప్పటికీ మా గుమ్మం దాటి పక్కింటికే పోతయి. సర్క్యులర్ కు కాళ్ళు ఉండయి, ఎవరో ఒకరు తీస్కరావాలె. మేము మా పేరంటం మేమే పెట్టుకుంటం, యార్డుల పనిచేసే ఆడోళ్ళు వస్తరు, నువ్వుల లడ్డూలు అక్క చేస్తది, గట్టిగ ఉంటయి గని బాగుంటయి.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. ఆశ్రమాలు ఎవరికి అవసరమో వాళ్ళకు కట్టుండ్రి, రాత్రికి రాత్రి ఎళ్ళగొట్టబడ్డ ఆడపిల్లకు ఒక చోటు కావాలె, అది నాకంటె ఎవరికి తెలుసు. గని ఇప్పటికే ఇల్లు కట్టుకొని బతుకుతున్నోళ్ళను పీకి అండ్ల వెయ్యకుండ్రి. ప్రతి ఫారంల భర్త, తండ్రి అనే గడుల కింద ఇంకొక గడి పెట్టుండ్రి, నేను రాసి ఇచ్చిన మనిషి అని. రేషన్ కార్డుల అయిదుగురిని ఒక్క పొయ్యి మీద రాయుండ్రి. ఇడ్సిపెట్టినామెకు అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, ఇద్దరు పక్కింటోళ్ళు కలిసి పంచనామా ఇస్తే చాలు అనుండ్రి, మొగని ఓటీపీ అడుగకుండ్రి. దవాఖానల్ల రోగికి తెలివి ఉంటే ఆమెనే అడుగాలె అని మరాఠీల, హిందీల, తెలుగుల బోర్డు పెట్టుండ్రి.

మీ పేపర్ వాళ్ళను కూడ ఒకటి అడుగుత. ఈ ఫారాలన్నీ మరాఠీల వస్తయి, మా దిక్కు చాలమంది తెలుగోళ్ళకు మాట్లాడుడు వస్తది గని చదువుడు రాదు, ఏజెంట్లు ఒక్కో ఫారానికి వంద రెండు వందలు గుంజుతున్నరు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ దిక్కు మీ పేపర్ చదివేటోళ్ళ కోసం ఏ స్కీంకు ఏ కాయితం కావాలె, వీలునామా ఎట్ల రాయాలె, పీఎఫ్ ల మొగన్ని ఎట్ల తీసెయ్యాలె అని ఒక అరపేజీ తెలుగుల ఎయ్యుండ్రి. సినిమా పేజీ జర తగ్గించినా మేము ఏమనుకోం, అవ్వ మాత్రం రాశిఫలాలు తీసెయ్యొద్దు అన్నది.

నా పేరు, అడ్రస్ కవరు లోపల వేరే కాయితం మీద రాసిన, మీరు పేపర్ల ఊరి పేరే ఎయ్యుండ్రి. చిన్నదాని అత్తగారోళ్ళు కూడ ఈ పేపరే తెప్పించుకుంటరు, ఆ పోరి ఏ బడిల చదువుతున్నదో వాళ్ళకు ఇంకా తెల్వదు.

ఇట్లు
ఒక పాఠకురాలు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా